డాక్టరమ్మ వాన చక్రాలు

డాక్టర్ శారదాంబ గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి, కలం పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. రోహిణీకార్తె ఎండకు రోళ్ళు పగులుతున్న మధ్యాహ్నం, చివరి రోగికి మందు చీటీ రాసి, "మజ్జిగ తాగి వస్తానోయ్" అని లోపలికి వెళ్ళారు. పావుగంట గడిచినా రాలేదు. వెళ్ళి చూస్తే కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు, తల మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. మజ్జిగ గ్లాసు ఖాళీగా ఉంది. చేస్తానన్న పని చేసే వెళ్ళారు. ఆ గ్లాసు చేత్తో పట్టుకుని నేను ఎవరిని పిలవాలో తెలియక నిలబడిపోయాను, ఎందుకంటే ఇలాంటి సమయాల్లో నేను పన్నెండేళ్ళుగా పిలుస్తున్నది ఆవిడనే.

కరుణాతరంగిణి, ధన్వంతరి అపరావతారం, దీనజనబాంధవి అని మొదలుపెట్టాలని నా చెయ్యి దురద పెడుతోంది. కానీ ఆవిడ ఉంటే ఎర్ర సిరా కలంతో ఆ మూడు మాటలూ కొట్టేసి, "ప్రవీణా, రోగం రాసేచోట సమాసాలు వద్దని ఎన్నిసార్లు చెప్పాలోయ్?" అని ఉండేవారు. నేను భాషాప్రవీణ పరీక్ష ప్యాసై, పంతులు ఉద్యోగం దొరక్క, సంగారెడ్డిలో మా నాయన బెల్లం దుకాణంలో కూర్చోవడం ఇష్టం లేక, పటాన్‌చెరు బజారులో ఆవిడ కొత్తగా పెట్టిన ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరినవాణ్ణి. చేరిన వారానికి రిజిస్టరులో ఒకాయన పేరుకెదురుగా 'ఉదరశూల' అని రాశాను. ఆ రోగి దాన్ని పైకి చదివించుకుని, "అమ్మా, ఇగ నేను బతకనా?" అని ఏడుపు లంకించుకున్నాడు. కడుపు నొప్పే అని నమ్మించడానికి అరగంట పట్టింది. అప్పటినుంచి ఆవిడ నోట నా పేరు వెంకటేశం కాదు, ప్రవీణుడు.

ఆవిడది గోదావరి లంక గ్రామం. భర్త రామనాథం గారు ఇక్కడ కొత్తగా వెలసిన పెద్ద కర్మాగారంలో ఇంజనీరు. ఆ రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన ఆఫీసర్ల భార్యలు క్వార్టర్లలో ఆవకాయ జాడీలు సర్దుకుంటుంటే, ఈవిడ రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని బోర్డు కట్టించారు. బోర్డు కట్టిన ఆర్నెల్లకు ఒక చిన్న కారు కొన్నారు, అది అంతకుముందే ఇద్దరి చేతులు మారింది. రంగు అచ్చం వంకాయ. పటాన్‌చెరు నుంచి వెలిమెల దాకా దానికి వంకాయ బండి అనే పేరు స్థిరపడింది. స్వయంగా తోలేవారు. ఆడమనిషి కారు తోలడం చూడ్డానికి జనం పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆవిడ హారన్ కొట్టి అందరికీ చెయ్యి ఊపేవారు. నేను పక్కన మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నేనే తోలుతున్నంత గర్వంగా కూర్చునేవాణ్ణి.

ఈ జ్ఞాపకమంతా ఆ కారు చక్రాల గురించే. డాక్టరమ్మ గురించి రాస్తానని చక్రాల గురించి రాస్తున్నాడేమిటని ఎవరైనా అనుకుంటే, వాళ్ళకు ఆవిడ తెలియదన్నమాట.

మొదటి వానాకాలం ముందే ఆవిడ నాతో అన్నారు: "ఎండాకాలం చెప్పులతో వానలో నడుస్తామా? కారుకూ అంతే. వానకు వేరే టైర్లు వెయ్యాలి." మంచి మాటే. కానీ ఏ టైర్లు? దానికి ఆవిడ దగ్గర పుట్టింటి జ్ఞానం ఉంది. "మా లంకల్లో ఇసుక మీద ఏ బండైనా వెడల్పు చక్రాలతోనే పోతుంది. గాలి కాస్త తక్కువ పెడితే పట్టు ఇంకా బాగుంటుంది" అని తీర్మానించి, దొరికినవాటిలో అన్నిటికంటే వెడల్పైనవి, దగ్గరదగ్గరగా మొద్దు కట్లున్న, అంటే నేలను పట్టే రబ్బరు దిమ్మలున్న టైర్లు తెచ్చి ఎక్కించారు. వంకాయ బండి గున్న ఏనుగులా తయారైంది. ఇసుకలో అది నిజంగానే పరుగెత్తి ఉండేదేమో. కానీ ఇక్కడ ఇసుక ఎక్కడిది? ఇక్కడిది నల్లరేగడి.

ఆ శ్రావణంలో వెలిమెల నుంచి మల్లయ్య అనే రైతు తడిసి ముద్దై వచ్చాడు. "అమ్మా, మా ఎల్లమ్మకు పొద్దటిసంది నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నది మంత్రసాని. జల్దీ రావాలె" అన్నాడు. ముగ్గురం బయలుదేరాం. తెల్లాపూర్ దాటి మట్టిబాట ఎక్కామో లేదో, నల్లమట్టి ఆ వెడల్పు టైర్లకు చపాతీ పిండిలా అంటుకుని, కట్ల సందులు పూడిపోయి, చక్రానికీ పైన రేకుకీ మధ్య గట్టిగా కూరుకుపోయింది. చక్రాలు తిరగడం మానేశాయి. ఇంజను అరుస్తోంది, కారు కదలదు. ఆవిడ చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, మోకాలి లోతు బురదలో రెండు మైళ్ళు నడిచారు. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని వెనక నడిచాను. మేము వెళ్ళేసరికి ఆలస్యమైంది. ఎల్లమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు.

తిరుగుదారిలో ఆవిడ కారు దగ్గరికి వచ్చాక చేతులతోనే చక్రాల సందులోని మట్టి తవ్వడం మొదలుపెట్టారు. నేనూ కూర్చుని తవ్వాను. తవ్వుతూనే అన్నారు: "దారి మనల్ని ఆపలేదోయ్. నా తెలివి ఆపింది." ఆ మాట అన్నప్పటి ఆవిడ ముఖం నేను మరిచిపోలేదు. పన్నెండేళ్ళలో ఆవిడ ఏడవగా చూసింది ఆ ఒక్కరోజే.

మరుసటి సంక్రాంతి దాటాక ఎల్లమ్మ మళ్ళీ ఆస్పత్రికి వచ్చింది. చెయ్యి పట్టి చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "మళ్ళీ శ్రావణమేనోయ్" అన్నారు. ఎల్లమ్మ భయంగా, "మల్ల వానల్నేనా అమ్మా?" అంది. "వాన రానీ. ఈసారి నేనూ వస్తాను" అన్నారావిడ. ఆ క్షణం నుంచి మిరుగం దాకా, అంటే మృగశిరకార్తె ప్రవేశించే దాకా, ఆ ఆస్పత్రిలో టైర్ల చర్చ తప్ప మరో చర్చ లేదు. మిరుగం నాటికి చక్రాలు మారాలి, శ్రావణంలో వెలిమెల చేరాలి. ఇదీ పట్టుదల.

మొదట భర్తగారి స్నేహితుల్ని టీకి పిలిచారు. ముగ్గురు ఇంజనీర్లు వచ్చి నాలుగు అభిప్రాయాలు చెప్పారు. వరండా గచ్చు మీద సుద్దముక్కతో బాణాలు గీశారు, సున్నాలు చుట్టారు. ఒకాయన బరువు పెంచాలన్నాడు, వెనక సీటు కింద ఇసుక బస్తాలు పెట్టమన్నాడు. ఒకాయన చక్రాలకు గొలుసులు చుట్టమన్నాడు, చలిదేశాల్లో మంచు మీద అలాగే చేస్తారట. రామనాథం గారు నవ్వుతూ, "మా దగ్గర ఏనుగంత యంత్రాలు తయారు చేస్తున్నాం శారదా, వాటికి కూడా ఇంత ఆలోచించం" అన్నారు. ఆవిడ చటుక్కున, "మీ యంత్రం ఒకచోట కూర్చుంటుందండీ. నాది కదలాలి" అన్నారు. ముగ్గురు ఇంజనీర్లూ టీ తాగేసి వెళ్ళిపోయారు. గచ్చు మీది బాణాలు తుడవడానికి నాకు గంట పట్టింది.

తరువాత సంగారెడ్డిలో మహబూబ్ సాహెబ్ టైర్ల దుకాణం. అక్కడ ఆవిడ టైర్లను చూసిన తీరు చూడ్డానికి బజారంతా మూగింది. గొంతు పరీక్షకు నాలుక అదిమే చెక్క ఉంటుంది చూడండి, దాని మీద పెన్సిలుతో గీతలు గీసుకుని తెచ్చారు. ఒక్కో టైరు కట్ల మధ్య ఆ చెక్క దించి లోతు కొలిచారు. గోరుతో రబ్బరు నొక్కారు, మెడ దగ్గర సన్న పగుళ్ళు ఉన్నాయేమోనని కళ్ళద్దాలు పైకి తోసి చూశారు, చివరికి వాసన కూడా చూశారు. "ఇది ఎన్నాళ్ళుగానో గోదాములో పడుకుంది సాహెబ్. పైకి కొత్తది, లోపల ముసలిది" అని పక్కన పడేశారు. సాహెబ్ గడ్డం నిమురుకుంటూ, "అమ్మాజీ, నాడి గూడ సూస్తరా?" అన్నాడు. "చూస్తాను, మీది కూడా చూస్తాను. మనిషి బాగా ఎర్రబడ్డారు, రేపొకసారి ఆస్పత్రికి రండి" అన్నారావిడ. సాహెబ్ నిజంగానే మర్నాడు వచ్చాడు. రక్తపోటు అప్పటికే ఎక్కువగా ఉంది. ఆ రోజు నుంచి ఆయన ఉప్పు మానేశాడు, ఆవిడకు పాత సరుకు చూపించడం కూడా మానేశాడు.

ఆ సాహెబే ఇంకో సలహా ఇచ్చాడు. "బండిని నూకేవి ఎనక చక్రాలే గదా అమ్మాజీ. రెండు మారిస్తె బస్. నాలుగెందుకు, పరేషాన్ గాకుండ్రి." ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వెనకవి తోస్తాయి సరే. ముందువి మలుపు తిరగద్దా? ఆగమంటే ఆగద్దా? ఒక కాలికి బూటు, ఇంకో కాలికి పావుకోడు వేసుకుని బురదలో నడవండి చూద్దాం. నాలుగూ ఒకటే ఉండాలి" అన్నారు. ఈ 'నాలుగూ ఒకటే ఉండాలి' అన్నది తరువాత ఆస్పత్రిలో సామెత అయిపోయింది. ఒక కవల పిల్లల తల్లి ఒకడికే పాలు ఎక్కువ పడుతోందని తెలిసినప్పుడు కూడా ఆవిడ అదే అన్నారు. ఆ తల్లి నాలుగు ఎక్కడివో అర్థం కాక నా మొహం చూసింది.

అయినా అసలు చిక్కు తేలలేదు. వెడల్పా, సన్నమా? చలికాలం మంచుకు ఏ టైరు వాడాలో రాసిన ఏదో ఇంగ్లీషు పత్రిక ఎవరో తెచ్చిచ్చారు. మంచుకు సన్న టైరే మేలని అందులో ఉంది. "మంచుకు సన్నమైతే బురదకు ఏమిటోయ్?" అని నన్నడిగితే నేనేం చెప్తాను? నాకు తెలిసిన మంచు ప్రబంధాల్లో హిమవత్పర్వతం మీదే ఉంది.

ఆ చిక్కు విప్పినవాడు సాయన్న. పటాన్‌చెరులో ఎడ్లబండ్ల చక్రాలు చేసే వడ్ల సాయన్న. వేలికి ఉలి దిగి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. కట్టు కడుతూ కూడా ఆవిడ టైర్ల గోడు వెళ్ళబోసుకుంటుంటే విని విని, నొప్పి మరిచిపోయి నవ్వాడు. "గింత సదువుకున్నవు, గిదేంది అమ్మా! బండి చక్రం సన్నగ ఎందుకు చేస్త నేను? ఎడల్పు చెక్క దొర్కకనా?"

"ఎందుకు చేస్తావు?" అని ఆవిడ కట్టు మధ్యలో ఆపేశారు.

"నల్లరేగడి మీద తేలుదామంటె తేలనియ్యదమ్మా, అంటుకుంటది. దాన్ని కోసుకుంట కిందికి పోవాలె. కింద మొరం ఉంటది, గట్టిగ. దాన్ని పట్టుకోవాలె. ఎడల్పు చక్రం పైన్నే పిసుకుతది, సన్న చక్రం కోస్తది. గంతే."

ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించారు. సాయన్న కంగారుపడి, సగం కట్టు వేలాడుతుండగానే తనూ లేచి దండం పెట్టాడు. ఇద్దరూ ఒకరికొకరు దండాలు పెట్టుకుంటూ నిలబడిన ఆ దృశ్యం తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాను. అంత చదువుకున్న మనిషి, అంత సంతోషంగా ఓడిపోవడం నేను మరెక్కడా చూడలేదు.

ఇక నిర్ణయాలు చకచకా జరిగాయి. సన్న టైర్లు, వాటికి దూరదూరంగా లోతైన కట్లు. సందు ఎక్కువుంటే చక్రం తిరిగినప్పుడు మట్టి తనంతట తనే విసిరేయబడుతుంది. ప్రతి ఏడూ రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కిస్తే దాని అంచు దెబ్బతింటుందని, వాన టైర్లకు విడిగా ఇనప రిమ్ములే ఉండాలన్నారు. కబాడీ దుకాణాల్లో పాత రిమ్ముల కోసం వెతుకులాట మొదలైంది. బోల్టుల కన్నాలు నాలుగూ సరిపోవాలి, నడిమి రంధ్రం సరిపోవాలి, చక్రం లోపలికి జరిగి రేకుకు రాసుకోకూడదు. సాయన్న పురికొసతో కొలిచేవాడు, ఆవిడ శిశువు తల చుట్టుకొలత తీసే టేపుతో కొలిచేవారు. ఇద్దరి లెక్కా ఒకటైతేనే రిమ్ము ఇంటికొచ్చేది. మూడు రిమ్ములు త్వరగానే దొరికాయి. నాలుగోది మాత్రం మిరుగానికి ఇంకా రెండు రోజులే ఉందనగా, పటేల్‌గూడలో ఒకరి బర్రెల కొట్టంలో కుడితి తొట్టి మీద మూతగా దొరికింది. ఆ బర్రె మమ్మల్ని చూసిన చూపు నేను వర్ణించలేను. భాషాప్రవీణకు కూడా అందని చూపు అది.

మిరుగం ముందురోజు మొదటిసారి చక్రాలు మార్చాం. సాయన్న జాకీ ఎత్తాడు, నేను నట్లు అందించాను. చివరి చక్రంలో చివరి నట్టు మాత్రం డాక్టరమ్మే బిగించారు. కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులా పానా పట్టుకుని, పళ్ళు బిగబట్టి తిప్పారు. ఆ తరువాత ప్రతి ఏడూ అదే ఆనవాయితీ. చక్రాలు ఎవరైనా మార్చవచ్చు, చివరి నట్టు ఆవిడది.

ఇక ఆ శ్రావణం. మూడు రోజుల ముసురు తరువాత ఒక ఉదయం మల్లయ్య వచ్చాడు. సైకిలు మీద రాలేదు, సైకిలే అతని భుజం మీద ఎక్కి వచ్చింది. "అమ్మా, నొప్పులు మొదలైనయి" అని గుమ్మంలోనే కూలబడ్డాడు. అతణ్ణీ సైకిల్నీ వదిలేసి మేమిద్దరం బయలుదేరాం. తెల్లాపూర్ దాటాక, పోయినేడు ఆగిపోయిన చోటుకు కాస్త ముందే, కర్మాగారం సామాను మోసే ఒక లారీ ఇరుసు దాకా దిగబడి ఉంది. డ్రైవరు పంజాబీవాడు, నెత్తిన గోనెసంచి కప్పుకుని, చిన్న బండి పోదు, వెళ్ళొద్దని చేతులు ఊపుతూ అరిచాడు: "మత్ జావో మేమ్‌సాబ్! ఛోటీ గాడీ నహీ జాయేగీ!" ఆవిడ హారన్ కొట్టి చెయ్యి ఊపారు, అందరికీ ఊపినట్టే. కారు ముందుకు దిగింది. ఒకసారి పక్కకు జారింది, నా ప్రాణం పైకి పోయింది. అంతలో చక్రాలు మట్టిని కోసుకుని కిందికి దిగి, గట్టి నేలను పట్టుకున్న సంగతి నా వెన్నెముకకే తెలిసింది. చక్రాల పక్కనుంచి మట్టిముద్దలు ఎగిరి వెనక పడుతున్నాయి. "కోస్తోందోయ్! కోస్తోంది!" అని ఆవిడ చిన్నపిల్లలా కేకలు పెట్టారు. నేనూ కేకలు పెట్టాను. దాపరికం ఎందుకు, పెట్టింది సంస్కృత శ్లోకమే.

ఈసారి కూడా బిడ్డ అడ్డంగానే ఉంది. కానీ సమయం ఉంది. డాక్టరమ్మ ఓపిగ్గా చేత్తో తిప్పారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టి, ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఎల్లమ్మ ఆ బిడ్డకు డాక్టరమ్మ పేరే పెడతానంది. ఆవిడ ఒప్పుకోలేదు. "నా పేరు వద్దు. పోయినేడు నా తెలివితో వస్తే ఏమైందో చూశావుగా. ఈ ఏడు సాయన్న తెలివితో వచ్చాను" అన్నారు. అందుకే ఆ పిల్ల సాయమ్మ అయింది. ఇప్పుడు బళ్ళో పాఠాలకంటే అల్లరి ఎక్కువ నేర్చుకుంటోందని వినికిడి.

పురుడైన ఎనిమిదో రోజు పొద్దున్నే ఆవిడ నా చేతికి పానా ఇచ్చారు. "మళ్ళీ యాభై మైళ్ళు తిరిగిందోయ్. బురదలో తిరిగిన చక్రం ఎంత బిగించినా కాస్త సర్దుకుంటుంది. నట్లు మళ్ళీ బిగించాలి." నట్లు బిగించాక అదే కారులో మళ్ళీ వెలిమెల వెళ్ళాం, తల్లీబిడ్డల్ని చూడ్డానికి. ఏమీ కాలేదు కదా, ఎందుకు అని నేనడిగితే, "నట్లు మళ్ళీ బిగించాలోయ్" అన్నారు. పురుడు పోసిన ప్రతి ఇంటికీ ఎనిమిదో రోజు పిలవకుండానే వెళ్ళడం ఆవిడ పద్ధతి. చాలామంది వైద్యులు చక్రం వేసి వెళ్ళిపోతారు. ఈవిడ మళ్ళీ వచ్చేవారు.

ఎండాకాలం చక్రాలను వానాకాలమంతా ఆస్పత్రి వెనక గదిలో దాచేవాళ్ళం. ఏ చక్రం ఎక్కడిదో సుద్దతో రాసి, ఎండ తగలకుండా తెల్ల దుప్పటి కప్పేవాణ్ణి. ఒకసారి కొత్తగా వచ్చిన రోగి తాలూకు ముసలమ్మ ఆ గదిలోకి వెళ్ళి, దుప్పటి కింద నాలుగు ఆకారాలు చూసి, చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి, "పాపం, నలుగురికి గూడ ఉలుకు పలుకు లేదు. మంచిగైతదా అమ్మా?" అని గుసగుసగా అడిగింది. డాక్టరమ్మ గంభీరంగా, "దీపావళి తరువాత లేచి తిరుగుతారు" అన్నారు. ముసలమ్మ దీపావళి తరువాత వచ్చి చూసింది. గదిలో వేరే నలుగురు పడుకుని ఉన్నారు.

మొదటి ఏడు తప్ప, ఆ తరువాత ప్రతి మిరుగానికీ చక్రాలు మార్చేచోటికి ఎల్లమ్మ వచ్చేది. మిరుగం నాడు బెల్లంలో ఇంగువ కలిపి తినడం ఈ వైపు ఆచారం, ఒంట్లో వేడి నిలబెడుతుందని. ఎల్లమ్మ ఆ ఉండలు ఒకరోజు ముందే ఆకులో కట్టుకుని తెచ్చేది. చివరి నట్టు బిగిశాక అందరికీ తలొకటి. మొదటిసారి తిన్నప్పుడు డాక్టరమ్మ మొహం చిట్లించి, "ఇదేం రుచి తల్లీ!" అన్నారు. కొన్నేళ్ళకు ఆవిడే, "జెర ఇంకొకటి పెట్టు" అనడం మొదలుపెట్టారు. బెల్లం మాత్రం ఎప్పుడూ మా నాయన దుకాణానిదే. కొడుకు దుకాణానికి రాకపోయినా, దుకాణం బెల్లమైనా కొడుకున్న చోటికి వెళ్తోందని ఆయన తృప్తి.

ఈ ఏడు ఆవిడ పోయిన పదిరోజులకు మిరుగం వచ్చింది. ముందురోజు పొద్దున సాయన్న వచ్చాడు, ఎవరూ పిలవలేదు. జుట్టు మొత్తం నెరిసింది, చేతిలో జాకీ ఉంది. రెండేళ్ళుగా మా ఆస్పత్రిలో పని నేర్చుకుంటున్న డాక్టర్ సుగుణ గారు కారు పక్కన నిలబడి ఉన్నారు. నేను వెనక గది తలుపు తీయబోతుంటే రామనాథం గారు వచ్చి అడ్డం నిలబడ్డారు. నా ఎదుట ఎన్నడూ గొంతు పెంచని మనిషి. "వద్దు వెంకటేశం. ఈ ఏడు వద్దు. ఎవరి కోసం మారుస్తావు?" అన్నారు. ఊళ్ళకు ఆ కారు ఇక వెళ్తుందా లేదా అన్నది ఆ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

జవాబు ఎల్లమ్మ దగ్గర ఉంది. ఆకు పొట్లంతో అప్పుడే వచ్చి, అంతా విని, పొట్లం అరుగు మీద పెట్టింది. "అమ్మ లేదని వాన ఆగుతదా సారూ?" అంది. మెల్లగానే అంది. "ఈ శ్రావణంల గూడ ఎవలో ఒకరు నొప్పులు పడుకుంట దారి సూస్తరు. నేను సూసిన. ఒకసారి బండి రాలే, ఒకసారి వచ్చింది. రెండిట్లకు ఎంత ఫరకుంటదో నాకు తెలుసు." రామనాథం గారు పక్కకు తప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సాయన్న జాకీ ఎత్తాడు. మూడు చక్రాలు ఎక్కాయి, నాలుగోదీ ఎక్కింది, పదిహేను నట్లు బిగిశాయి. పదహారోది దగ్గర మా చేతులు ఆగిపోయాయి. సాయన్న పానా నాకిచ్చాడు, నేను సుగుణ గారికిచ్చాను, ఆవిడ కళ్ళనీళ్ళతో తల అడ్డంగా ఊపి ఎల్లమ్మకిచ్చారు. ఎల్లమ్మ కొంగు నడుముకు చుట్టింది. నాట్లు వేసి కలుపు తీసి కాయలు కాసిన ఆ రెండు చేతులతో పానా పట్టుకుని, పళ్ళు బిగబట్టి తిప్పింది. తరువాత అందరం ఇంగువ బెల్లం తిన్నాం. ఘాటుకేనో దేనికో, అందరికీ కళ్ళవెంట నీళ్ళు కారాయి.

మృగశిర చిందిస్తే ముంగిళ్ళు చల్లబడతాయంటారు. ఈసారి చిందించడం కాదు, కుండపోతే. సుగుణ గారు వారంలో వెలిమెలకు రెండుసార్లు వెళ్ళొచ్చారు, ఎక్కడా ఆగలేదు. నిన్నటికి చక్రాలు మార్చి ఎనిమిదో రోజు. నేను ఆస్పత్రి తలుపు తీసేసరికి కారు పక్కన గచ్చు మీద రామనాథం గారు గొంతుకూర్చుని ఉన్నారు, లుంగీ పైకి కట్టి, చేతిలో పానాతో. ఆయన ఆ పానా పట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. తల ఎత్తకుండానే, "ఎన్ని మైళ్ళు తిరిగిందోయ్?" అన్నారు.

"యాభై దాటింది సార్."

"మరి చెప్పవేం? నట్లు మళ్ళీ బిగించాలి కదా" అన్నారు. ఆ గొంతు ఆయనదే, మాట మాత్రం ఆవిడది.

అమ్మా, మీలాంటి వైద్యురాలు ఈ ప్రాంతానికి మళ్ళీ రారు. ఆ లోటు పూడ్చే మాట నా భాషాప్రవీణలో లేదు, వెతకను కూడా. సమాసాలు లేకుండానే మీకు నమస్కరిస్తున్నాను. మీకు తెలియవలసిన సంగతి ఒకటి ఉంది, అది చెప్పి ముగిస్తాను. నిన్న సార్ చేతిలో పదిహేను నట్లు తలా పావు తిప్పు తిరిగాయి. ఎల్లమ్మ బిగించిన పదహారోది ఎంత తిప్పినా కదల్లేదు.